నా పడక మీద నీళ్ల ట్యాంకు

రండమ్మా, ఇలా దగ్గరగా జరగండి. ఆ కుర్చీ ఎందుకు, చాప మీదే కూర్చుని కాళ్లు చాపుకోండి. పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చుంటే వెళ్లి కట్టేసి రండి, నేను ఆగుతాను. మధ్యలో లేచిపోయే వాళ్లకు ఈ మాట చెప్పలేను. మా వీధిలో అందరూ దీన్ని సరదాగా ఊరు చూసొచ్చిన కథ అనుకుంటున్నారు. కాదు. ఇది నాకు కోపం వచ్చిన కథ. ఆ కోపం ఇంకా పోలేదు, పోగొట్టుకోవాలని నాకూ లేదు.

మాది గరాచర్మ, పోర్ట్ బ్లేయిర్ పక్కనే. ఇరవై రెండేళ్లు అంగన్‌వాడీలో పిల్లలకు కిచిడీ వండాను. తెల్లారి ఇంట్లో వంట, పది గంటలకు అక్కడ వంట, సాయంత్రం మళ్లీ ఇంట్లో వంట. మా ఆయన ప్రభుత్వ బస్సు డ్రైవరు. ఇక్కడి నుంచి పైన డిగ్లీపూర్ దాకా పోయే పెద్ద రోడ్డు మీద ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయన చెల్లెల్ని రంగత్‌లో ఇచ్చాం.

రంగత్ అంటే మహాపట్నమేమీ కాదు. ఒక బజారు, బస్టాండు, ఆస్పత్రి, వాటి చుట్టూ వరిచేలూ పోకతోటలూ. ఊరు దాటి కాస్త దూరం పోతే సముద్రం ఒడ్డున పార్కులున్నాయి. పెళ్లయిన ఈ ముప్పై ఎనిమిదేళ్లలో ఆ ఊరికి నేను ఎన్నిసార్లు వెళ్లానో చెప్పమంటే ఒక్కొక్కటీ చెప్పగలను. ఆడపడుచు మూడు కాన్పులకు వెళ్లాను. పిల్లల పుట్టువెంట్రుకలకు వెళ్లాను. వాళ్ల అత్తగారు పోయినప్పుడు పదమూడు రోజులున్నాను. ఇల్లు కట్టినప్పుడు వెళ్లాను, పెద్దమ్మాయి పెళ్లికి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ బస్సు దిగడం, వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి పోవడం. మిగతావాళ్లంతా మధ్యాహ్నం అన్నాలు తిని ఆంకుంజ్ బీచికి బయల్దేరేవాళ్లు. నేను గిన్నెలు తోముకుని, రాత్రి వంటకు బియ్యం ఏరుకునేదాన్ని. చీకటి పడే వేళకు ఇసుక కాళ్లతో అరుస్తూ వచ్చేవాళ్లు. వాళ్లకు వేడివేడిగా పకోడీలు వేసి పెట్టేదాన్ని. ఆ ఇంటి వంటగది నేల ఊడ్చినప్పుడు చేటలో పడిన ఇసుక, అదే నేను చూసిన ఆంకుంజ్ బీచి.

నేను రిటైరైన నెలలో మా అమ్మాయి వచ్చింది. లంబాలైన్‌లో కాపురం, ఒక ఆఫీసులో గుమాస్తా.

"అమ్మా, నీకేటి కావాలో చెప్పు. ఫిర్ సే చీర అనకు," అంది.

"నాకు రంగత్ సూడాలనుందే."

"రంగత్‌కి ఎన్నిసార్లు ఎల్లావమ్మా!"

"ఎల్లాను. సూడ్లేదు."

తెలివైన పిల్ల, ఇంకేమీ అడగలేదు. వాళ్ల వీధిలో ఒకతను పాత వ్యాను కొని, లోపల సీట్లు పీకేసి, పడకలూ చిన్న పొయ్యీ పెట్టించి టూరిస్టులకు అద్దెకిస్తున్నాడు. దాన్ని నాలుగు రోజులకు మాట్లాడింది. ఎవరింటికీ వెళ్లక్కర్లేదు, ఎవరి వంటింట్లోకీ దూరక్కర్లేదు, ఎక్కడ నచ్చితే అక్కడ ఆపుకుని పడుకోవచ్చు అంది. వాళ్ల నాన్నను ఎదురుగా కూర్చోబెట్టి మాట తీసుకుంది.

"నాన్నా, ఈ నాలుగు రోజులూ అమ్మ సేత ఒక్క పూట కూడా వంట సేయించకూడదు. హోటల్లో తినండి. అత్తింటికి ఎల్లకండి. పక్కా?"

"పక్కా," అన్నాడాయన, కూతురి తల మీద చెయ్యేసి.

వ్యాను వచ్చిన సాయంత్రం నేను ఎక్కి కూర్చుని దిగనే లేదు. వెనక వైపు అడ్డంగా ఒక వెడల్పాటి పడక, దాని పక్కనే కిటికీ, కిటికీకి పూల తెర. పక్కగా ఇంకో సన్నటి బల్ల, అది ఆయనకు. పళ్లెమంత సింకు. తలకు తగిలేంత దగ్గరగా చిన్న ఫ్యాను. పెట్టెలో దాచిన దుప్పటి తీసి ఆ పడక మీద పరిచాను. తలగడ పెట్టి, ఒకసారి పడుకుని చూశాను. కిటికీలోంచి మా వీధి మురుక్కాలువే కనబడింది, అయినా నా కళ్లకు సముద్రంలాగే ఉంది. ఎవరికీ చెప్పలేదు నేను, మా ఎదురింటావిడకు కూడా. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు.

ఏమవుతుందో మీకూ చెప్పాలి కదా. ఈ దీవుల్లో ఒక పద్ధతుంది. పైకి, అంటే రంగత్, డిగ్లీపూర్ వైపుకు, పోయే మనిషి ఒట్టి చేతులతో పోడు. ఓడలో వచ్చిన సామానంతా పోర్ట్ బ్లేయిర్‌లో దిగుతుంది, పైవాళ్లకు అది బస్సుల్లోనో పడవల్లోనో తెలిసినవాళ్ల చేతుల మీదుగానో చేరాలి. అందుకని ఎవరు బయల్దేరినా ఒకరు మందులిస్తారు, ఒకరు పెళ్లి కార్డులిస్తారు, ఒకరు కుక్కర్ రబ్బరిస్తారు. మంచి పద్ధతే. మా అమ్మ బతికున్న రోజుల్లో ఆమె మందులు అలాగే అందాయి. బస్సు డ్రైవర్ల చేతుల మీదే ఈ పద్ధతంతా నడుస్తుంది, మా ఆయనకు ఆ రోడ్డు పొడుగునా అందుకే అంత పేరు. ఎవరికీ కాదనడు. పద్ధతి మీద నాకు కోపం లేదు. పద్ధతి నెత్తిన పెట్టుకుని ఇంట్లో మనిషిని మర్చిపోయిన ఆయన మీద నాకు కోపం.

బయల్దేరే రోజు పొద్దున్న నేను స్నానం చేసి జడ వేసుకుని బయటికొచ్చేసరికి వీధిలో పదిమంది నిలబడి ఉన్నారు. ఉల్లిపాయల బస్తా ఒకటి. స్కూలు బట్టల మూట ఒకటి. సీలింగు ఫ్యాను, దాని రెక్కలు విడిగా. అట్టపెట్టెలో టీవీ. ముందురోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర మా ఆయన చెప్పాడట, ఇల్లు ఇల్లంతా చక్రాల మీద వెళ్తోంది, ఎంత సామానైనా పడుతుందని. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వాటన్నిటిలో పెద్దది ఇంకా రాలేదు. అది ఆటో మీద, పైకి కట్టుకుని వచ్చింది. నల్లటి నీళ్ల ట్యాంకు. మా ఆడపడుచుకు.

"రంగత్‌లో ట్యాంకులు దొరకవా?" అన్నాను.

"ఈ రకం దొరకదంట. మూడు పొరలది," అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండా.

"ఎక్కడెడతావు?"

ఆటో అతనూ ఆయనా కలిసి ట్యాంకును వెనక తలుపులోంచి లోపలికి తోసి, నా పడక మీద పడుకోబెట్టారు. నా దుప్పటి మీదే. అంగుళం ఖాళీ లేకుండా సరిగ్గా సరిపోయింది, నా కొలతకు కాకుండా దాని కొలతకే ఆ పడక చేయించినట్టు. దొర్లకుండా రెండు పక్కలా తలగడలు దోపాడు. ఒకటి నాది.

"మావా," అన్నాను, "నానెక్కడ పడుకోవాల?"

"రంగత్ దాకానే కదే. అక్కడ దింపేస్తే మళ్లీ నీ మంచం నీదే."

"రంగత్‌లో ఎవరింటికీ ఎల్లవని పిల్ల తల మీద సెయ్యేసినావు కదా."

"ఎల్లడం ఏటి? దింపి వచ్చేయడమే. బస్, దో మినిట్."

వీధిలో అంతమంది ఉన్నారు. నోరు మూసుకున్నాను. చూశారా, అక్కడ తప్పు చేశాను. నలుగురి ముందు మొగుణ్ణి ఏమీ అనకూడదని నేర్పిన చదువు ఒక్కటే నాకు బాగా వచ్చింది. మూడో క్లాసు దాకా బడిలో నేర్చినవన్నీ మర్చిపోయాను గానీ ఇది మాత్రం మర్చిపోలేదు.

ముందు సీట్లో అయినా కూర్చుందామని వెళ్లాను. ముప్పై ఏళ్లు ఆయన నడిపిన దారి, ఒక్కసారైనా ఆయన పక్కన కూర్చుని అద్దంలోంచి చూడాలని నాకూ ఉండదా? ఆ సీట్లో టీవీ ఉంది. వెనక పెడితే అద్దం పగులుతుందట. టీవీకి బెల్టు కూడా పెట్టాడు. నేను వెనక సన్నబల్ల మీద, కాళ్ల కింద ఉల్లిపాయల బస్తా పెట్టుకుని, ట్యాంకు మీదికి రాకుండా ఒక చెయ్యి దానికి ఆనించి కూర్చున్నాను. అలా బయల్దేరింది నా విహారయాత్ర.

జిర్కాటాంగ్ దగ్గర గేటు దాటాలంటే బళ్లన్నీ ఒక వరసలో ఆగి, కాగితాలు రాయించుకుని, టైము ప్రకారం పోలీసు జీపు వెనక వెళ్లాలి. ఆ లోపలి అడవి అక్కడే పుట్టి బతికే ఆదివాసులది. మధ్యలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, ఒకణ్ణి దాటి ఒకడు పోకూడదు. గేటు దగ్గర పోలీసతను వెనక తలుపు తీసి చూశాడు. ట్యాంకును చూశాడు, నన్ను చూశాడు.

"మాతాజీ, అందర్ ఔర్ కోయీ హై క్యా?" అని, దాని లోపల ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు ట్యాంకును వేలితో కొట్టాడు.

"లేరు భయ్యా," అన్నాను. "నాకే చోటు లేదు."

అతను పగలబడి నవ్వాడు. ముందు కూర్చున్న మా ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

ఆ అడవిలో గంటకు పైగా ప్రయాణం. పెద్దపెద్ద చెట్లు, కొమ్మలు పైన కలుసుకుని పగలే నీడగా ఉంటుందట. ఉంటుందట అంటున్నానెందుకంటే నా కిటికీకి ట్యాంకు అడ్డం. మలుపు వచ్చినప్పుడల్లా అది నామీదికి ఒరుగుతుంది, నేను రెండు చేతులా తోస్తాను, ఇంకో మలుపుకు అటు పోయి గోడకు దబ్బుమంటుంది. ఆపమనడానికి లేదు, ఆపకూడని చోటు. "మెల్లగా!" అని అరిస్తే ట్యాంకు మోతలో ఆయనకు వినబడలేదు. లేదా వినబడినా వినలేదు.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బళ్లను పడవ మీదికి ఎక్కించి క్రీకు, అదే సముద్రపు పాయ, దాటిస్తారు. మనుషులం దిగి పడవలో పక్కన నిలబడాలి. నడుం పట్టేసి మెల్లగా దిగాను. జెట్టీ మీద మా ఆయన చుట్టూ అప్పుడే జనం. "డ్రైవర్ సాబ్! కైసే హో!" అంటూ టీ కొట్టతను, టికెట్ల అతను, కొబ్బరిబొండాలవాడు. పెళ్లికొడుకులా ఉన్నాడు. మా వెనకే వచ్చిన ప్రభుత్వ బస్సు కండక్టరు, తెలుగువాడే, ఆయనతో చాలా ఏళ్లు డ్యూటీ చేసినతను, నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"వదినమ్మా, బాగున్నావా? నీ అదృష్టమే అదృష్టం, రోజూ పండగే."

"ఏటి పండగ?"

"అదే, అన్న సేతి సేపల పులుసు! డిగ్లీపూర్ షెడ్డులో రాత్రి హాల్టు పడితే, అన్న డ్యూటీ ఉందంటే మేం హోటలు మొకం సూసీవోళ్లం కాదు. మా బెంగాలీ డ్రైవర్లు కూడా గిన్నె నాకీసీవోళ్లు. అన్న పులుసులో గరిటెట్టడు తెలుసా, గిన్నె పట్టుకుని అలా తిప్పుతాడంతే. సప్పుడు లేకుండా. ఇంట్లో నీకు ఎన్నిసార్లు సేసుంటాడో!"

నేను నీళ్లవైపు చూశాను. మడచెట్ల వేళ్ల మధ్య నురుగు వస్తోంది, పోతోంది.

మా ఇంట్లో ఆయన టీ కూడా పెట్టుకోడు. నాకు టైఫాయిడ్ వచ్చి పద్దెనిమిది రోజులు పడుకుంటే, పక్కింటి వాళ్లు గంజి కాచి తెచ్చారు. "నాకు సేత కాదు కదా," అని గుమ్మంలో నిలబడి చేతులు చాపి చూపించాడు, ఆ చేతులేవో చేతులే కానట్టు. అమ్మాయి పుట్టినప్పుడు పదో రోజున లేచి పొయ్యి అంటించాను. అంగన్‌వాడీ పొయ్యి దగ్గర మోచేయి కాలి బొబ్బలెక్కిన రోజు కూడా సాయంత్రం వచ్చి చేపలు కడిగాను. ఆ చేపలు ఆయనే తెచ్చాడు. తెచ్చి, "మంచి పులుసు పెట్టు," అని వెళ్లి టీవీ ముందు కూర్చున్నాడు. గరిట పెట్టకుండా గిన్నె తిప్పడం తెలిసిన మనిషి! నేను గరిటతో కలిపి ముక్క విరిగితే, "ఇరిగిపోయిందేటే," అని పళ్లెంలో చూపించిన మనిషి!

పడవ అవతలి ఒడ్డుకు చేరింది. నేను వ్యాను ఎక్కి ట్యాంకు పక్కన కూర్చున్నాను. రంగత్ దాకా నోరు విప్పలేదు. ఆయన అద్దంలోంచి రెండుసార్లు చూసి, "నిద్రొస్తందా?" అన్నాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఊళ్లోకి వచ్చాం. బజారులో టీవీ దింపాడు. ఆస్పత్రి వెనక ఫ్యాను దింపాడు. ఉల్లిపాయలు బస్టాండు దగ్గర, స్కూలు బట్టలు ఇంకెక్కడో ఊరి చివర. ప్రతిచోటా దిగి, కూర్చుని, నీళ్లు తాగి, కబుర్లు చెప్పి. ఆంకుంజ్‌కు దారి చూపించే బోర్డు ముందు నుంచి మూడుసార్లు పోయాం. మూడోసారి నేను తల తిప్పుకున్నాను.

చివరికి మా ఆడపడుచు ఇల్లు. ముందు వాకిట్లో అద్దె కుర్చీలు వేసి ఉన్నాయి. వాళ్ల ఆయన, వాళ్ల వైపు చుట్టాలు, ఇరుగుపొరుగు, అంతా పద్నాలుగు మంది. వ్యానును చూసి లేచి నిలబడ్డారు. ఆడపడుచు చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"వదినా! దిగు దిగు, నీ కోసమే సూస్తన్నాం. పెద్ద సుర్మై సేప దొరికింది పొద్దున్న. ముక్కలు కూడా కొయ్యలేదు, నీ సెయ్యి పడితేనే ఆ పులుసుకి రుచని అలాగే ఉంచేసినాం. అన్నం వార్చీసినాను. నువ్వు పులుసెట్టేస్తే కూకోవడమే."

తలుపులోంచి చూస్తే పెరట్లో బేసిన్లో చేప, ఒక పక్క బూడిద, కడిగి ఆరబెట్టిన కత్తిపీట. నా పీట కూడా వేసి ఉంచారు. ఆ ఇంట్లో అది నా పీట, కాన్పుల నాటి నుంచి.

"నాను పులుసెడతానని ఎవరు సెప్పారమ్మాయ్?" అన్నాను.

"అన్నియ్యే ఫోను సేసాడు కదా. ఆదివారం."

ఆదివారం! కూతురి తల మీద చెయ్యేసింది ఆదివారం మధ్యాహ్నం. ఆ చెయ్యి తీసి అదే చేత్తో ఫోను పట్టుకున్నాడన్నమాట.

నాకు కోపం వస్తే అరుపు రాదు. గొంతు సన్నబడిపోతుంది.

"ట్యాంకు దింపుకోండి. నాను దిగను."

మా ఆడపడుచు ముందు నవ్వింది, ఆటకంటున్నాననుకుని. తర్వాత నా ముఖం చూసింది.

"ఏటి వదినా, కాళ్లకి మెహందీ గానీ ఎట్టుకున్నావేటి?"

"ఎట్టుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లకి ఇయ్యాలే ఎట్టుకున్నాను. ఆరీ దాకా దిగను."

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన వ్యాను మెట్టు దగ్గరికి వచ్చి, పళ్ల మధ్యలోంచి మాట్లాడాడు.

"పరువు తీయకే. నలుగురూ సూస్తన్నారు. ఒక్క పులుసే కదా. గంటన్నర. ఆ తర్వాత నీ బీచికి ఎల్దాం."

నీ బీచి! పిల్లాడికి బిళ్ల చూపించినట్టు.

"ఒక్క పులుసే అయితే నువ్వే ఎట్టు మావా," అన్నాను. అందరికీ వినబడేలా అన్నాను. "డిగ్లీపూర్ షెడ్డులో ముప్పై ఏళ్లు ఎట్టినావంట కదా. గిన్నె తిప్పుతావంట, గరిటెట్టవంట. మీ కండక్టరు సెప్పాడు. మీ బెంగాలీ డ్రైవర్లు గిన్నెలు నాకీవోళ్లంట. మీ సొంత సెల్లెలు తినొద్దా ఆ పులుసు?"

మా ఆడపడుచు మొగుడు కుర్చీలో ముందుకు వంగి, "అరే బావా, నీకు వంటొచ్చా? సచ్ మే?" అన్నాడు.

"అదేదో డ్యూటీలో..." అన్నాడు మా ఆయన.

"ఇది కూడా డ్యూటీయే," అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం కాదది. దొంగ సామాను దొరికిపోయిన వాడి చూపు. పద్నాలుగు మంది ఆకలితో ఉన్నారు, చేప బేసిన్లో ఉంది, నేను దిగను. చొక్కా చేతులు పైకి మడిచి పెరట్లోకి పోయాడు. మా ఆడపడుచు ఏడుపు మొదలుపెట్టింది.

"నా ఇంట్లో మా అన్నియ్య సేత కత్తిపీట పట్టిస్తావా వదినా? ఇంత మనసెలా వచ్చింది నీకు?"

ఆమె ఏడుపు అబద్ధం కాదు. ఆమె కూడా రోజూ ఆ పొయ్యి దగ్గరే చస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఒక్కసారైనా "వదినా, ఈ పూట నువ్వు బీచికెల్లు, నాను గిన్నెలు తోముతాను," అందా? అనలేదు. అందుకని ఊరుకోబెట్టలేదు. ట్యాంకు దింపించాను. నా దుప్పటి దులిపి, మళ్లీ పరిచి, తలుపు వేసుకుని పడుకున్నాను. మధ్యాహ్నం మూడు గంటలు. దుప్పటంతా ప్లాస్టిక్ వాసన. కిటికీలోంచి ఆడపడుచు ఇంటి గోడ, దాని మీద పిడకలు. అయినా పట్టుపట్టి నిద్రపోయాను.

తలుపు చప్పుడుకు లేచేసరికి ఆడపడుచు పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది, కళ్లు ఉబ్బి.

"తిను. మీ ఆయనెట్టిందే."

ముక్క ఒక్కటీ విరగలేదు. పులుసు మీద నూనె తేలి ఎర్రగా మెరుస్తోంది. మెంతులు మాడలేదు. చింతపండు పులుపు నాలుక చివర తగిలి ఆగింది. పచ్చిమిరపకాయలు చీల్చి ఆఖరున వేశాడు, పచ్చి వాసన పోయీపోనట్టుగా, మా అమ్మ వేసినట్టే. మొదటి ముద్దకే నాకు తెలిసిపోయింది. నా పులుసు కన్నా బాగుంది.

ఇక్కడ మీరు నవ్వకండి. నాకు అప్పుడు వచ్చిన కోపం ముందు, ట్యాంకు కోపమూ ఫోను కోపమూ ఏపాటి? పులుసు పాడై ఉంటే, ఉప్పెక్కువై, ముక్కలు చితికి ఉంటే, చేత కాదన్న మాట నిజమే అనుకుని సగం క్షమించేదాన్ని. చేతవును. ఇంత చక్కగా చేతవును. టైఫాయిడ్‌లో నోరు చేదెక్కి, ఒక్క ముద్ద పుల్లగా ఎవరైనా పెడితే బాగుండునని నేను గోడవైపు తిరిగి ఏడ్చిన రోజున, ఈ పులుసు ఆ ఇంట్లోనే ఉంది, ఆ చేతుల్లోనే ఉంది. పళ్లెం ఖాళీ చేశాను. వదలకుండా తిన్నాను, ప్రతి ముద్దకూ తిట్టుకుంటూ తిన్నాను.

మిగిలిన రోజులు నావి. ఆంకుంజ్ ఒడ్డున పార్కులో పడిపోయిన చెట్ల మానులతో బల్లలు చేశారు, అలలకు ఎదురుగా. రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి, అందులో గోరంత చేపలు. రాత్రిళ్లు పార్కులో ఉండనివ్వరు కాబట్టి దగ్గర్లోనే ఒక కొబ్బరితోట ఆసామిని అడిగి అతని వాకిట్లో వ్యాను పెట్టుకున్నాం. పొద్దున్నే సూర్యుడు నా కిటికీలోకే వచ్చేవాడు. ధనీనాలాలో మడచెట్ల మధ్య చెక్క వంతెన మీద అటు చివరి దాకా నడిచాను, ఎక్కడా తొందర లేకుండా. మోరిస్‌డేరాలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద రాయి మీద కూర్చుని ఒంటరిగా వేరుశనక్కాయలు తిన్నాను. బాగున్నాయా అని అడిగితే, బాగున్నాయి. చాలా బాగున్నాయి. ఇరవై ఏళ్ల కిందట చూసి ఉంటే అటువైపున్న రాళ్లు కూడా ఎక్కేదాన్ని. ఇప్పుడు మోకాళ్లు రావు.

ఆయన ఆ రోజులన్నీ పొద్దున్నే లేచి, ఆ చిన్న పొయ్యి మీద టీ పెట్టి గ్లాసు నా చేతికిచ్చాడు. ఆఖరి రోజు ఆంకుంజ్‌లో మాను బల్ల మీద కూర్చున్నప్పుడు నేనే అడిగాను.

"ఎందుకు సెప్పలేదు మావా? ఇన్నేళ్లలో ఒక్కసారి."

చాలాసేపు అలలవైపు చూశాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాను. కాదు, పాపం, నిజమే చెప్పాడు.

"నువ్వు అడగలేదు కదే."

నేను లేచి నీళ్ల దాకా నడిచాను. అక్కడే ఉంటే ఏదో ఒకటి విసిరేదాన్ని. అడగలేదట! ఆయన ఏనాడైనా నన్ను అడిగాడా, నీకు వంటొచ్చా అని? పెళ్లయిన రెండో రోజున చేపల సంచి తెచ్చి నా ముందు పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆడపడుచు ఇంటి దగ్గర, బజారు దగ్గర మళ్లీ మూటలు సిద్ధం చేశారు, అరటిగెలలు, కొబ్బరికాయలు, సంచిలో పీతలు. ఆయన చెయ్యి చాపబోయి నావైపు చూశాడు. "నా పడక కాకుండా ఎక్కడైనా ఎట్టుకో," అన్నాను. అన్నీ తన సన్నబల్ల మీద పెట్టుకున్నాడు. ముందు సీట్లో నేను కూర్చున్నాను, బెల్టు పెట్టుకుని.

ఇప్పుడు మా ఇంట్లో చేప వస్తే ఆయనే వండుతాడు. నేను గుమ్మంలో కూర్చుంటాను. మొన్న ఎదురింటావిడ వచ్చి, పొయ్యి దగ్గర ఆయన్ని చూసి, బుగ్గ మీద వేలు పెట్టుకుని, "దీదీ, నువ్వెంత అదృష్టవంతురాలివి! ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు?" అంది. నాకు అరికాలు నుంచి నడినెత్తి దాకా మండింది. ముప్పై ఎనిమిదేళ్లు ఆ పొయ్యి దగ్గర నేను నిలబడితే, ఆయన్ని ఎవరైనా అదృష్టవంతుడివన్నారా? ఒక్కరంటే ఒక్కరు? ఆవిడతో అదే అన్నాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. వెళ్లనీ.

సరే, లేవండి, పొద్దుపోయింది. కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో బియ్యం నిండుగా ఉండాలి, నీళ్లు వేళకు రావాలి. మీ ఇంట్లో ఏ చెయ్యీ చేతకాని చెయ్యి కాకూడదు. జ్వరం వచ్చి పడుకున్న మనిషి తలదగ్గరికి, ఆ మనిషి అడగకముందే, పుల్లటి ముద్ద ఒకటి నడిచి రావాలి.